రాష్ట్రపతి మాట – మన నవ్వు

ఈ సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవ పోటీలలో బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు చిత్రమైన ఏకపాత్రాభినయం చేశాడు. మెడ వరకు గుండీలు పెట్టిన నల్లకోటు తొడుక్కొని, చేతిలో ఒక దొంతర కాగితాలతో వేదిక ఎక్కి, పార్లమెంటు ఉభయసభల ఎదుట రాష్ట్రపతి చేసే ప్రసంగాన్ని అభినయించాడు. "నా ప్రభుత్వం సూరారానికి వంతెన వేసింది. నా ప్రభుత్వం ఆ వంతెనకు రంగు వేసింది. నా ప్రభుత్వం ఆ రంగును చూచి సంతోషించింది" అని గంభీరంగా చదువుతూ పోయాడు. పొరపాటున ఒకే పుటను రెండుసార్లు చదివినట్లు నటించి, రెండుసార్లూ చప్పట్లు రావడం గమనించి, మూడవసారి కూడా అదే పుటను అందుకున్నాడు. సభ గొల్లుమన్నది. న్యాయనిర్ణేతలు అతనికే ప్రథమ బహుమతి నిర్ణయించారు.

మరునాడు కమిటీ పెద్దలలో ఒకరు ప్రిన్సిపాలుగారికి లేఖ వ్రాశారు. దేశ ప్రథమ పౌరుని పదవిని పరిహాసం చేయడం మన వేదికకు తగదనీ, మనది అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ గనుక ఇతరులు ఆడితే ఆటగా చెల్లే మాట మన పిల్లవాడు ఆడితే వేరొక అర్థం తీసేవారు ఉంటారనీ దాని సారాంశం. ఉర్దూ శాఖలోని మా మిత్రులు అందుకు ఒప్పుకోలేదు. లతీఫా లేని జల్సా ఉప్పులేని ఖుర్మా వంటిదని వారి వాదం. బహుమతి ప్రదానం వాయిదా పడింది. ఈ విషయమై రెండు పక్షాలకూ అర్థమయ్యేటట్లు సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదిగా ప్రిన్సిపాలుగారు మమ్ము ఆదేశించారు. మేము తెలుగు చెప్పుకొనే వారమే గాని రాజ్యాంగ పండితులము కాము. అయినా చదివినంతలో, తెలిసినంతలో వివరిస్తాము.

ముందుగా పదం సంగతి చూద్దాము. మొదటి సంవత్సరం విద్యార్థులు "మన రాష్ట్రపతి అంటే ముఖ్యమంత్రి కదా సార్?" అని అడగడం మాకు ఏటా అనుభవమే. అందులో వారి తప్పు సగమే. సంస్కృతంలోనూ, మన ప్రాచీన కావ్యాలలోనూ రాష్ట్రమంటే రాజ్యం, దేశం. ధృతరాష్ట్రుని పేరులో ఉన్నది ఆ అర్థమే. హిందీలో నేటికీ అదే అర్థం నిలిచి ఉన్నది. ఆధునిక తెలుగులో మాత్రం రాష్ట్రమంటే తెలంగాణము, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకము వంటి భాగం. కనుక "రాష్ట్రపతి" అన్న మాట మనకు హిందీ అర్థంతో, తెలుగు వేషంతో వచ్చి కూర్చున్నది. పైగా అమెరికా దేశాధినేతను "అధ్యక్షుడు" అంటాము, మన దేశాధినేతను "రాష్ట్రపతి" అంటాము, కళాశాల సంఘానికి పెద్దను మళ్లీ "అధ్యక్షుడు" అంటాము. ఉర్దూవారికి ఈ చిక్కు లేదు. దేశానికైనా, జల్సాకైనా, మొహల్లా కమిటీకైనా వారికి ఒక్కటే మాట, సదర్. దేశాధినేత విషయంలో సదర్-ఎ-జమ్హూరియా అని ఒక తోక తగిలిస్తారు. 2022 జూలైలో ద్రౌపదీ ముర్ముగారు పదవి స్వీకరించిన కొద్ది దినాలకే ఒక పార్లమెంటు సభ్యుడు ఈ పదాన్ని స్త్రీలింగంగా మార్చబోయి, "పతి"ని "పత్ని" చేసి, సభ స్తంభించిన తరువాత నోరు జారిందని క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. "పతి" అంటే ఇక్కడ భర్త కాదు, అధిపతి. ఆ ముక్క తెలిసి ఉంటే ఆ గొడవ రాకపోను.

పదం నుండి పదవికి వద్దాము. మన విద్యార్థి వెక్కిరించిన ప్రసంగం రాజ్యాంగంలోని 87వ అధికరణం ప్రకారం జరిగేది. మొదట ప్రతి సమావేశారంభంలోనూ రాష్ట్రపతి ప్రసంగించవలెనని ఉండేది. 1951లో వచ్చిన మొదటి సవరణతో అది ఏటా తొలి సమావేశానికీ, సార్వత్రిక ఎన్నికల తరువాతి తొలి సమావేశానికీ పరిమితమైంది. ఆ ప్రసంగంలో రాష్ట్రపతి "నా ప్రభుత్వం" అంటూ గడచిన ఏటి పనులనూ, రాబోయే ఏటి సంకల్పాలనూ వివరిస్తారు. మాట రాష్ట్రపతిది, వ్రాత మంత్రిమండలిది. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ ఈ సంగతిని నిర్ద్వంద్వంగా చెప్పింది. 1978 నాటి 44వ సవరణ ఒక చిన్న కిటికీ తెరచింది. సలహాను పునరాలోచించవలసినదిగా రాష్ట్రపతి ఒకసారి కోరవచ్చును, తిరిగి అదే సలహా వస్తే పాటించవలసినదే.

ఈ సంగతిని తరగతిలో గంటసేపు చెప్పినా ఎక్కనిది, ఒకనాడు మా విద్యార్థి ఒక్క మాటలో తేల్చాడు. మన సూరారానికి తూర్పున, బస్సులో వెళ్లి రాగలిగినంత దూరంలో బొల్లారం ఉన్నది. (పడమటి దిక్కున కర్మాగారాల బొల్లారం మరొకటి ఉన్నది. విహారయాత్ర ప్రకటన చూచి ఇద్దరు విద్యార్థులు అటు పోయి, సాయంకాలానికి గాని తిరిగి రాలేదు.) తూర్పు బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉన్నది. 1860లో కట్టిన ఒంటి అంతస్తు భవనం, చుట్టూ తొంభై ఎకరాల తోట. రాష్ట్రపతి ఏటా కొన్ని దినాలు అక్కడ విడిది చేయడం ఆచారం. పూర్వం ఏడాదిలో కొద్దిరోజులే సామాన్యులను లోనికి రానిచ్చేవారు. 2023 మార్చి నుండి సంవత్సరం పొడుగునా సందర్శనకు తెరచి ఉంచారు. మన విద్యార్థులను తీసుకొని వెళ్లినప్పుడు వంటశాల నుండి భోజనశాల వరకు భూమి లోపలినుండి వేసిన సొరంగమార్గం చూపించారు. దాని గోడలపై మన చేర్యాల చిత్రాలు ఉన్నాయి. వంట ఒకచోట, వడ్డన వేరొకచోట. అది చూచి ఈ పిల్లవాడే, "సార్, ప్రసంగాలు కూడా ఈ దారినే వస్తాయా?" అని అడిగాడు. అప్పుడు మేము నవ్వాము. అభినయం నాడు కూడా నవ్వాము. కనుక ఈ వివాదంలో మేము పూర్తిగా తటస్థులమని చెప్పుకోజాలము.

అతని ప్రశ్నలో చాలా న్యాయం ఉన్నది. ప్రసంగం తరువాత ఉభయసభలలో ధన్యవాద తీర్మానంపై చర్చ జరుగుతుంది. ప్రతిపక్షాలవారు ఆ చర్చలో ప్రసంగాన్ని వాక్యం వాక్యం పట్టి చీల్చి చెండాడుతారు, సవరణలు ప్రతిపాదిస్తారు. 1980, 1989, 2001, 2015, 2016 సంవత్సరాలలో రాజ్యసభ అటువంటి సవరణలను ఆమోదించింది కూడా. అయినా అది రాష్ట్రపతికి అవమానమని ఎవరూ అనలేదు. దెబ్బ తగిలేది వండిన వారికి, వడ్డించిన వారికి కాదు. సభానియమాల ప్రకారం రాష్ట్రపతి పేరును వాడుకొని చర్చను ఒకవైపు త్రిప్పరాదు. పదవికి గౌరవం, పాఠానికి విమర్శ, రెండూ ఒకే గదిలో ఒకే దినాన చోటు చేసుకొని కూర్చుంటాయి. మన విద్యార్థి నవ్వించినది ఆ పాఠాన్ని గూర్చియే. ఏ ఒక్క రాష్ట్రపతి ముఖాన్నీ, యాసనూ, నడకనూ అతడు అనుకరించలేదు.

అయితే రాష్ట్రపతులందరూ ఎల్లవేళలా ఇతరులు వ్రాసినదే చదివారనుకుంటే పొరపాటు. గణతంత్ర దినానికి, స్వాతంత్ర్య దినానికి ముందురాత్రి జాతినుద్దేశించి చేసే ప్రసంగాలలో వారి సొంత గొంతు కొంత వినబడుతుంది. 1960 నవంబరులో బాబూ రాజేంద్రప్రసాదుగారు ఢిల్లీలో భారత న్యాయ సంస్థ సభలో మాట్లాడుతూ, మన రాష్ట్రపతి అధికారాలు బ్రిటిష్ రాజు అధికారాల వంటివేనా అన్నది పరిశోధించవలసిన విషయమని అన్నారు. పరిశోధకుల మాట ఎలా ఉన్నా పత్రికలకూ, రాజకీయులకూ చాలా కాలానికి సరిపడా చర్చ దొరికింది. 1998 ఆగస్టులో కె.ఆర్. నారాయణన్‌గారు ఆనవాయితీ ప్రసంగానికి బదులుగా ఒక పత్రికా సంపాదకునితో సంభాషణ జరిపి దానినే ప్రసారం చేయించారు. వడ్డించేవాడు అప్పుడప్పుడు వంటింటి రుచిని గూర్చి ఒక మాట అనడం ఈ దేశానికి కొత్త కాదు.

ఆ మాట చెప్పగానే సర్వేపల్లి రాధాకృష్ణగారు జ్ఞాపకం వస్తారు. తిరుత్తణిలో తెలుగు మాట్లాడే కుటుంబంలో 1888లో జన్మించిన ఆ పండితుడు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులు. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో నెహ్రూగారు తీర్మానం ప్రతిపాదించారు, చౌధురీ ఖలీఖుజ్జమాన్ బలపరచారు. (ఆయన కొద్ది నెలలకే పాకిస్తాన్‌కు వెళ్లిపోయారు, అది వేరే కథ.) ఆ తరువాత లేచినవారు రాధాకృష్ణగారు. గడియారం పన్నెండు కొట్టేవరకు సభను మాటతో పట్టి ఉంచడం ఆయన వంతు. ముందుగాను ముగియరాదు, తరువాతను ముగియరాదు. వక్తృత్వ పోటీలో గంట మ్రోగిన తరువాత కూడా మైకు వదలని మన విద్యార్థులు ఈ సంఘటనను ఒకసారి తలపోయవలసినదిగా కోరుతున్నాము. రాష్ట్రపతిగా ఆయన పదవీకాలపు చివరి గణతంత్ర దినం 1967లో వచ్చింది. ఆ ముందురాత్రి ప్రసంగంలో ఆయన దేశ వనరుల నిర్వహణలోని అసమర్థతను దాపరికం లేకుండా విమర్శించారు. పాలకపక్షానికి అది చేదుమాత్రే అయింది.

ఆ సంవత్సరపు ఎన్నిక మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఒకవైపు డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబు. వీరి వంశం కాయంగంజ్‌కు చెందినదైనా 1897 ఫిబ్రవరి 8న వీరు పుట్టినది మన హైదరాబాదులో. తండ్రిగారు ఇక్కడ న్యాయవాది. తండ్రి మరణానంతరం బాల్యంలోనే కుటుంబం ఉత్తరాదికి వెళ్లింది. రెండవవైపు కోకా సుబ్బారావుగారు, రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగువారు. గోలక్‌నాథ్ తీర్పునిచ్చి, కొద్ది వారాలకే సర్వోన్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి పోటీకి నిలిచారు. న్యాయపీఠం దిగిన మరుక్షణం రాజకీయ పీఠం ఎక్కవచ్చునా అన్న చర్చ అప్పుడు దేశమంతటా జరిగింది. అది ఇప్పటికీ ముగియలేదు. జాకిర్ సాహెబుకు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుగారికి 3,63,971. భారతదేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి అయిన జాకిర్ సాహెబు పదవీస్వీకార సమయంలో దేశమంతా తన ఇల్లనీ, ప్రజలందరూ తన కుటుంబమనీ చెప్పిన మాటలు సుప్రసిద్ధాలు.

వక్తగా జాకిర్ సాహెబుది ఉరుము గొంతు కాదు. ఉపాధ్యాయుని గొంతు. ఆయన శక్తి తెలియాలంటే 1946 నవంబరులో జరిగిన జామియా మిల్లియా రజతోత్సవ సభను చూడాలి. దేశం మతకలహాలలో మండుతున్న రోజులు. పరస్పరం పలకరించుకోవడమే అరుదైన నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ వంటి నాయకులు ఒకే పందిరి క్రింద కూర్చున్నారు. వారిని ఒకచోట కూర్చోబెట్టడమే ఆయన సాధించిన విజయం. ఇరవై సంవత్సరాలుగా చాలీచాలని జీతంతో ఆ విద్యాలయాన్ని నడుపుకొంటూ వచ్చిన ఉపాధ్యాయుడు లేచి, నిప్పు ఎవరు పెట్టారన్న విచారణ తరువాత చేసుకోవచ్చుననీ, ముందు దానిని ఆర్పండనీ, ఈ మంటలలో విద్య అనే మొక్క ఎలా బ్రతుకుతుందనీ నాయకులను ముఖాముఖి అడిగారు. ఆయనకు అప్పుడు పదవి లేదు, అధికారం లేదు. రాష్ట్రపతి అయిన తరువాత చేసిన ప్రసంగాలన్నింటికంటె ఈ ఒక్కటి గొప్పదని మా అభిప్రాయం. మన ఉర్దూ శాఖవారు దీనిని పాఠంగా చెబితే, మేము తెలుగు తరగతిలో కూడా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాము. జామియాలో మురికి బూట్లతో వచ్చే విద్యార్థుల కోసం ఆయనే ద్వారం దగ్గర బ్రష్షు, పాలిష్ పట్టుకొని కూర్చున్నారనే కథ అందరూ చెప్పుకొనేదే. అది కూడా ఒక విధంగా పరిహాసమే కదా! పెద్దలు పిన్నలపై చేసిన పరిహాసం. దానిని మాత్రం అందరమూ ఆదర్శమని పొగడుతాము.

1969 మే 3న జాకిర్ సాహెబు పదవిలో ఉండగానే పరమపదించారు. అటు తరువాత జరిగిన ఎన్నికలో మన కమిటీ పెద్దలకూ, విద్యార్థికీ మధ్య నడుస్తున్న తగవుకు అసలైన కొలమానం దొరుకుతుందని మా నమ్మకం. అందుచేత దానిని కొంచెం విస్తరించి చెబుతాము.

ప్రధాన ప్రత్యర్థులు ఇద్దరూ తెలుగువారే. నీలం సంజీవరెడ్డిగారు అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టినవారు, లోకసభ స్పీకరు పదవి వదలి కాంగ్రెసు అధికార అభ్యర్థిగా నిలిచారు. వరాహగిరి వెంకటగిరిగారు బరంపురంలో 1894లో పుట్టినవారు, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివినవారు, కార్మిక నాయకులు. అప్పటికి ఉపరాష్ట్రపతిగా ఉండి, తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యత వహిస్తూ, ఆ పదవి వదలుకొని స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. గిరిగారు తప్పుకోవడంతో ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లాగారు కొద్ది వారాలు రాష్ట్రపతి బాధ్యత వహించారు. ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు తమ పక్షం సభ్యులను అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. ఓటింగు ఆగస్టు 16న జరిగింది, 20న ఫలితం తేలింది. తొలి ప్రాధాన్యంలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపిన మీదట గిరిగారు 4,20,077, రెడ్డిగారు 4,05,427. మన రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో రెండవ ప్రాధాన్యం దాకా పోయినది ఆ ఒక్కటే.

ఆ ఎన్నికకు ముందు పార్లమెంటు సెంట్రల్ హాలులో ఒక కరపత్రం చేతులు మారింది. సంజీవరెడ్డిగారి శీలంపై నీచమైన వ్రాతలు అందులో ఉన్నాయి. క్రింద సంతకం లేదు. ఎన్నిక చెల్లదంటూ వేసిన దావాలలో ఈ కరపత్రం ప్రధానాంశం అయింది. 1970లో పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరిగారు స్వయంగా సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లి సాక్ష్యం ఇచ్చారు. పదవిలో ఉండగా అలా చేసిన తొలి రాష్ట్రపతి ఆయనే. న్యాయస్థానం చివరకు దావాలను కొట్టివేసింది. కరపత్రం వ్రాసినవారి పేరు మాత్రం ఆ కాగితం మీద ఎన్నడూ లేదు.

ఇక మరొక కాగితం చూడండి. అత్యవసర పరిస్థితి రోజులు. 1975 డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో అబూ అబ్రహాం గీసిన కార్టూను ఒకటి వెలువడింది. అందులో రాష్ట్రపతి స్నానపు తొట్టిలో ఉన్నారు. తలుపు సందునుండి లోనికి వచ్చిన చేతికి సంతకం చేసిన కాగితం అందిస్తూ, ఇంకా ఆర్డినెన్సులు ఉంటే కాస్త ఆగమనండి అంటున్నారు. అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సాహెబు. వ్యక్తిగా సౌమ్యులు, ఉర్దూ సాహిత్యాభిమాని. 1969లో గాలిబ్ శతవర్ధంతి సందర్భంగా ఢిల్లీలో గాలిబ్ సంస్థ ఏర్పడడానికి కారకులు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వవలసినదే. అయినా ఆ కార్టూను ఆయన పదవీకాలాన్ని గూర్చి వ్రాసిన ఎన్నో సంపాదకీయాలకంటె ఎక్కువ కాలం బ్రతికింది. సెన్సారు ఉన్న కాలంలో అచ్చయిన ఆ బొమ్మ క్రింద అబూ సంతకం ఉన్నది.

రెండు కాగితాలూ ఇద్దరు పెద్దలను నొప్పించినవే. అయితే మొదటిది చీకటిలో పంచినది, ఒక మనిషి శీలాన్ని పట్టుకొన్నది, జవాబుదారి లేనిది. రెండవది పత్రికలో అచ్చయినది, ఆ పదవిలో జరిగిన పనిని పట్టుకొన్నది, గీసినవాని పేరు మోసినది. మన పిల్లవాడు వేదిక మీద నిలబడి, తన తండ్రిపేరుతో సహా మైకులో ప్రకటించుకొని అభినయించాడు. ఏ కాగితంతో అతన్ని పోల్చాలన్నది కమిటీవారు నిర్ణయించుకోవచ్చును.

రబ్బరు ముద్ర అన్న ఎగతాళి గిరిగారికీ తప్పలేదు. కలాంగారికి కూడా ఆ బాధ తగిలింది. 2005 మేలో మాస్కోలో ఉండగా బీహారు శాసనసభ రద్దు ఉత్తర్వుపై ఆయన సంతకం చేశారు, తరువాత సర్వోన్నత న్యాయస్థానం ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పుడు రాజీనామాకు సిద్ధపడ్డానని ఆయన 2012లో వెలువడిన తమ పుస్తకంలో వ్రాసుకున్నారు. వక్తగా ఆయనది బడిపంతులు పద్ధతి. తాను ఒక వాక్యం చెప్పి, పిల్లలందరిచేత దానిని తిరిగి పలికించేవారు. ఆయన జుట్టుమీద విద్యార్థులు వేసుకొనే జోకులకు లెక్క లేదు. అయినా ఆయనను అంతగా ప్రేమించిన విద్యార్థులు మరొక రాష్ట్రపతికి ఉన్నారా?

సంజీవరెడ్డిగారి కథ అక్కడితో ఆగిపోలేదు. ఆయన రాధాకృష్ణగారివలె పండితుడు కాదు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చిన ప్రభావంతో 1931లో కళాశాల చదువు మానివేసి ఉద్యమంలోకి వెళ్లినవారు. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి. ఆయన జీవితంలో మాట్లాడవలసినప్పుడు మాట్లాడకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఒకటి ఉన్నది. కర్నూలు బస్సుమార్గాల జాతీయకరణ వ్యాజ్యంలో ముఖ్యమంత్రిపై దురుద్దేశం ఆరోపించారు. దానిని కాదంటూ ఆయన స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. న్యాయస్థానం ఆ మౌనాన్ని గమనించి, ఆరోపణకు సమాధానం రాలేదన్నది. 1964లో ఆయన పదవి వదలుకున్నారు. వదలుకొనితీరాలని ఎవరూ శాసించలేదు. ఆ రాజీనామాను నాయకత్వమని కొందరు, ఆ మౌనాన్ని అహంకారమని కొందరు ఆనాడు వాదించుకున్నారు. మేము రెండింటిలోనూ కొంత సత్యం చూస్తున్నాము.

1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోకసభ స్థానాలలో 41 కాంగ్రెసుకు పోగా, జనతాపక్షానికి దక్కిన ఒక్క నంద్యాల ఆయనదే. అదే సంవత్సరం జూలైలో ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ముప్పది ఏడు నామినేషన్లు వస్తే ఆయనది తప్ప అన్నీ తిరస్కృతమయ్యాయి. అధికారానికి వచ్చిన కొత్తలోనే తన జీతంలో 70 శాతం తగ్గించుకొంటానని ప్రకటించారు. 1979 ఆగస్టు 20న చరణ్‌సింగ్‌గారు లోకసభ ముఖం చూడకుండానే రాజీనామా చేశారు. అప్పుడు జగ్జీవన్‌రామ్‌గారికి అవకాశం ఇవ్వాలని జనతాపక్షం కోరింది. రెడ్డిగారు 22న సభను రద్దు చేశారు. అప్పుడు ఆయనను రబ్బరు ముద్ర అన్నవారు లేరు. ముద్ర తన చేతిలోకి తానే తీసుకొన్నాడని అన్నవారే ఉన్నారు. కనుక సంతకం చేస్తే ఒక పరిహాసం, ఆలోచించి చేస్తే మరొక ఆరోపణ. ఆ కుర్చీలో కూర్చున్నవారికి రెండూ జీతంతో పాటు వచ్చేవే.

చట్టం మాటేమిటని కమిటీ పెద్దలు అడిగారు గనుక క్లుప్తంగా చెబుతాము. జాతీయ గౌరవానికి అవమానాల నివారణ చట్టం 1971లో వచ్చింది. అందులో ఉన్నవి జాతీయ పతాకం, రాజ్యాంగం, జాతీయ గీతం. రాష్ట్రపతి పేరు అందులో లేదు. పూర్వపు శిక్షాస్మృతిలో 124వ సెక్షనూ, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 151వ సెక్షనూ రాష్ట్రపతిని బలప్రయోగంతో లొంగదీయజూచే నేరాన్ని గూర్చినవి. అభినయాన్ని గూర్చినవి కావు. ఇక ఈ నేలమీద మాట్లాడడానికే అనుమతి కావలసిన రోజులు మన తాతలు చూచారు. నిజాం ప్రభుత్వపు గస్తీ నిషాన్ తిర్‌పన్, అనగా 53వ నంబరు గస్తీ, సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకొమ్మన్నది. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ ఆ ఆంక్షల నడుమనే జరిగింది.

కమిటీ పెద్దల అసలు భయం చట్టం గురించి కాదని మాకు తెలియును. మనపై నలుగురి కళ్లు ఉన్నాయన్న మాట వారు ఊరకే అనలేదు. వారి వయసులో వారు చూచినవి మేము చూడలేదు. అయితే ఆ పిల్లవాడు వెక్కిరించినది తనది కాని దేశపు రాష్ట్రపతిని కాదు. "నా ప్రభుత్వం" అన్న మాటను పదే పదే పలికి నవ్వించిన వానికి ఆ ప్రభుత్వంపై ఆశ కూడా ఉన్నది, సూరారానికి వంతెన కావాలని అతడు నిజంగానే కోరుకుంటున్నాడు. పరాయివాడు ఆ హాస్యం ఆడజాలడు. ఈ నగరంలో 1960ల నాటినుండి జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ వారు హాస్య ముషాయిరాలు పెడుతూ, ముజ్తబా హుసేన్ వంటి రచయితలకు వేదికనిచ్చారు. ముజ్తబా సాహెబు ఎందరు పెద్దలపై కలం విసిరినా 2007లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది ఆ రాష్ట్రపతి భవనమే. తెలుగులో పానుగంటివారి జంఘాలశాస్త్రి ఉపన్యాసాలిస్తూనే ఉపన్యాసకులను చెరిగిపారేశాడు. రెండు భాషలవారికీ ఈ విద్య పరాయిది కాదు.

వచ్చే సంవత్సరం పోటీల నియమావళిలో ఈ విషయమై ఒక వాక్యం చేర్చాలని కమిటీ తలపెట్టి, దాని ముసాయిదా మాకే అప్పగించింది. "ఏకపాత్రాభినయం చేయువారు తమ పేరును ముందుగా ప్రకటించవలెను, పదవిని, పనిని అభినయించవచ్చును, ఎవరి శరీరమును, మతమును, కుటుంబమును అభినయింపరాదు" అని మేము వ్రాసి ఇచ్చాము. ఉర్దూ ప్రతిని మా మిత్రులు సిద్ధం చేస్తున్నారు. "కుటుంబము" అన్న చోట ఏ మాట పెట్టాలో వారికి ఇంకా తెగలేదు, "ఖాన్‌దాన్" అంటే వంశం కూడా వస్తుందట. ఈ ముసాయిదా కమిటీ ముందుకు వచ్చే సమావేశం ఈ సంచిక అచ్చులో ఉండగానే జరుగవచ్చును. ప్రథమ బహుమతిగా నిర్ణయించిన నిఘంటువు మాత్రం అట్ట విప్పకుండా ఆఫీసు బీరువాలోనే ఉన్నది. ఆ పిల్లవాడు దారిన పోతూ రోజూ దానివైపు ఒకసారి చూచి పోతున్నాడు.